ఏడో కొర్రీ

చట్టబద్ధంగా ఒక తుపాకీ పేలాలంటే మూడు కావాలి: తుపాకీ, తూటా, పొద్దున పూట ఖాళీగా ఉండే ఇద్దరు రిటైర్డ్ ఉద్యోగులు. మొదటి రెండూ ప్రభుత్వం కొని పెడుతుంది. మూడోది వనస్థలిపురంలో దొరుకుతుంది.

అలా దొరికినవాడే సాంబమూర్తి. నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా దిగిపోయాడు. కాలనీలో ప్లాట్లు వేసిన కొత్తలో గుంటూరు జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. పోలీసులు ఏదైనా వస్తువు పట్టుకున్నా, ఎక్కడైనా శవం పడి ఉన్నా, "ఇదంతా మేం చూస్తుండగానే జరిగింది" అని సంతకం పెట్టడానికి ఇద్దరు పెద్దమనుషులు కావాలి. వాళ్లను పంచ్‌లు అంటారు, ఆ కాగితాన్ని పంచనామా అంటారు. (చూస్తుండగా జరగడం తప్పనిసరి కాదు. అలా రాసి ఉండటం తప్పనిసరి.) గత నాలుగేళ్లలో సాంబమూర్తి ఇలా పద్నాలుగు సంఘటనలను కళ్లారా చూశాడు. వాటిలో తొమ్మిది ఆయన ఇంట్లో భోంచేస్తుండగా జరిగాయి.

ఎల్‌బీ నగర్ చౌరస్తాకు కూతవేటు దూరంలో, ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో తూర్పు మండల ప్రత్యేక జాడ విభాగం ఉంది. మే నెలలో ఒక గురువారం పదకొండింటికి అక్కడి ఇన్‌స్పెక్టర్ రాఘవేంద్ర నుంచి ఆయనకు పిలుపు వచ్చింది.

"రాండ్రి సార్, కూసోండ్రి. చిన్న పని. రెండే నిమిషాలు" అంటూ ఇన్‌స్పెక్టర్ నాలుగు పేజీల కాగితం ముందుకు తోశాడు. రైటర్ బక్కయ్య దగ్గరుండి టైపు చేసిన కాగితం. బక్కయ్య తెలుగుకు విభాగంలో తిరుగులేదు.

రెండో పంచ్ రామమోహనరావు గారి సంతకం అప్పటికే పడి ఉంది. ఆయన కంటి ఆపరేషన్ మూడేళ్లుగా వాయిదా వేసుకుంటున్నారు కాబట్టి విభాగంలో ఆయనకు చాలా మంచి పేరుంది. సాంబమూర్తికి మాత్రం ఒక జబ్బు ఉంది. ఏ కాగితం ఇచ్చినా చదువుతాడు.

చదివాడు. శుక్రవారం తెల్లవారుజామున అయిదూ పదికి, ఔటర్ రింగు రోడ్డు దాటాక ఉన్న పాడుబడ్డ కంకర క్వారీ దగ్గర, దోచిన బంగారం దాచిన చోటు చూపిస్తానని తీసుకెళ్లిన నిందితుడు శేఖర్, వయసు ఇరవై ఎనిమిది, ఉన్నట్టుండి పొదలోంచి కత్తి తీసి పోలీసులపై దాడి చేసి పారిపోయాడు. (కత్తి ఆ సమయానికి కింద టిఫిన్ సెంటర్లో ఉల్లిపాయలు తరుగుతోంది.) పోలీసులు పంచ్‌లతో సహా సుమారు నాలుగు వందల గజాలు వెంటాడారు. లొంగిపొమ్మని మూడుసార్లు హెచ్చరించారు. గత్యంతరం లేక, ఆత్మరక్షణార్థం కాల్పులు జరిపారు. నిందితుడు అక్కడికక్కడే మృతి చెందాడు.

సాంబమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏమండీ, ఇవాళ గురువారం కదండీ?"

"అవును సార్."

"ఇందులో శుక్రవారం జరిగిపోయిందని ఉందేమిటండీ?"

"రేపు జరుగుతది సార్" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మర్యాదగా. "రేపు మన బక్కయ్య మేనకోడలి లగ్గం, నల్లగొండ పోతున్నడు. ఎల్లుండి రెండో శనివారం. ఆ తెల్లారి ఐతారం. రైటర్ లేకుంటె కాగితం ఎవలు రాస్తరు? మల్ల పరేషాన్ ఎందుకని ముందుగాలనే రాసి పెట్టుకున్నం."

ఇంకెవరైనా అయితే లేచిపోయేవారు. సాంబమూర్తికి కోపం వచ్చింది. అయితే ఆ కోపం వేరే విషయం మీద.

"జరగాల్సిన పనిని సిరాతో రాస్తారటండీ ఎక్కడైనా? తారీఖూ టైమూ పెన్సిల్‌తో వేసుకోవాలి. పనయ్యాక చెరిపి సిరాతో దిద్దుకోవాలి. మా ఆఫీసులో కాలవలన్నీ అలాగే తవ్వాం."

చెవి మీది పెన్సిల్ తీసి, పక్క అంచులో మొదటి కొర్రీ (ఆఫీసు భాషలో అభ్యంతరం) రాశాడు. కింద అలవాటు ప్రకారం పొట్టి సంతకం గీకి, తేదీ కూడా పెన్సిల్‌తోనే వేశాడు. కొర్రీ కింద పొట్టి సంతకం లేకపోతే అది గాలి మాట అవుతుందని ఆయన నమ్మకం. ముప్పై నాలుగేళ్లలో ఒక్క గాలి మాట మాట్లాడలేదు.

"మస్తు పాయింట్ సార్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "బక్కన్నా, రాసుకో."

ఆ మెచ్చుకోలుకు సాంబమూర్తికి ఊపు వచ్చింది. గోడ మీది క్యాలెండరు చూసి, సూర్యోదయం అయిదూ నలభై మూడుకని చెప్పాడు. అయిదూ పదికి కటిక చీకటి కదా, ఆ చీకట్లో పంచ్‌లు నాలుగు వందల గజాల అవతల జరిగింది ఎలా చూశారని రేపెవరైనా అడిగితే? రెండో కొర్రీ. పొట్టి సంతకం. ఇన్‌స్పెక్టర్ సమయాన్ని అయిదూ యాభైకి మార్పించాడు. ఆ విధంగా శేఖర్ ఆయుష్షు నలభై నిమిషాలు పెరిగింది.

మూడో పేజీలో పుట్టుమచ్చల గడి ఖాళీగా ఉంది. అది మూడో కొర్రీ.

"బయట బల్ల మీదనే ఉన్నడు సార్. చూసి రాసుకోండ్రి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ మాటకు సాంబమూర్తి చేతిలో పెన్సిల్ ఆగింది. అంతవరకు నిందితుడంటే ఆయనకు ఒక గడి. ఆ గడి బయట బల్ల మీద కూర్చుని ఉంటుందని తట్టలేదు.

శేఖర్ ఆ బల్ల మీదికి ఎలా వచ్చాడో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అందులో ఆధునిక విజ్ఞానం ఉంది. నెల రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటి, సైదాబాద్‌లో ఒకటి, వనస్థలిపురంలో ఒకటి బంగారం కొట్ల దోపిడీలు జరిగాయి. బైకు మీద హెల్మెట్లతో ఇద్దరు వచ్చారు, ఊడ్చుకుపోయారు. విభాగం వారి దగ్గర 'పసిగట్టు' అనే యంత్ర వ్యవస్థ ఉంది. మూడు చోట్లా, మూడు సమయాల్లో, టవర్ల కింద ఉన్న ఫోన్లన్నీ అది పసిగట్టింది. లక్షా పన్నెండు వేలు తేలాయి. కోచింగ్ హాస్టళ్ల వాళ్లను తీసేసింది, వాళ్లకు గేటు దాటే అనుమతి లేదు. మెట్రో స్తంభాల కింద ముప్పావుగంటకు మించి కదలని వాళ్లను తీసేసింది, వాళ్లు దొంగలు కారు, వాహనదారులు. చివరికి మూడు చోట్లా ఉన్న ఫోన్లు తొమ్మిది మిగిలాయి. ఎనిమిది విభాగం వారివే. తొమ్మిదోది శేఖర్‌ది.

శేఖర్ బైక్ టాక్సీ నడుపుతాడు. నెలలో అతని ఫోన్ మూడు దోపిడీల పక్కనే కాక, అరవై పెళ్లిళ్లు, నాలుగు దవాఖానాలు, రెండు ధర్నాల పక్కన కూడా ఉంది. కాని పసిగట్టును ఎవరూ పెళ్లిళ్ల గురించి అడగలేదు. పైగా అతని దగ్గర హెల్మెట్లు రెండు దొరికాయి. (బైక్ టాక్సీ వాళ్లు వెనక కూర్చునేవాళ్ల కోసం రెండోది ఉంచుకుంటారు. ఈ సంగతి విభాగంలో అందరికీ తెలుసు, కాగితం మీద ఎవరికీ తెలియదు.)

బల్ల మీద శేఖర్ ఇడ్లీ తింటున్నాడు. సాంబమూర్తిని చూసి చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు.

"పుట్టుమచ్చలు ఎక్కడున్నాయి బాబూ?"

"కుడి మోచేయి మీద ఒకటి, మెడ ఎనక ఒకటి" అని చొక్కా కాలరు వంచి చూపించాడు. "సార్, మీరు వనస్థలిపురం సార్ కదా? పోయిన నవంబర్‌ల మిమ్ముల పింఛన్ ఆఫీసుకు నేనే తోల్కపోయిన. బతికున్నట్టు కాగితం కోసం."

సాంబమూర్తికి అప్పుడు గుర్తొచ్చింది. పింఛనుదారు బతికే ఉన్నాడని ఏటా వేలిముద్రతో రుజువు చేసుకోవాలి. ఆ రోజు యంత్రం ఆయన బొటనవేలిని నాలుగుసార్లు కాదంది. యంత్రం ప్రకారం మీరు లేరు, పక్కకు తప్పుకోండి అన్నాడు అక్కడి గుమస్తా. దింపేసి వెళ్లిపోవలసిన శేఖర్ లోపలికి వచ్చి, తన చేతిరుమాలు తడిపి ఆయన వేలు రుద్ది, ఊది, తనే పట్టుకుని యంత్రం మీద నొక్కాడు. సాంబమూర్తి బతికే ఉన్నాడని యంత్రం ఒప్పుకుంది.

"గా కాగితం అయితె నన్ను ఇడిచిపెడ్తరంట సార్" అన్నాడు శేఖర్ గొంతు తగ్గించి. "జెర జల్ది చూడున్రి. మా అమ్మ రాములమ్మ ఒక్కతే ఉంటది సైదాబాద్‌ల. నిన్నటి సంది ఫోన్ గూడ ఇస్తలేరు, ఎదురుచూస్తుంటది."

సాంబమూర్తికి ముందు భయం వేసింది. ఆ వెనకే సిగ్గు వేసింది, ఇంతసేపూ తను దిద్దింది ఏ కాగితమో అప్పుడు అర్థమై ఒళ్లంతా పాకే సిగ్గు. అతని భుజం మీద చెయ్యి వేద్దామనుకుని, వేయలేక, పుట్టుమచ్చలు మాత్రం రాసుకున్నాడు.

అప్పుడే ఉపాయం తట్టింది. ఉద్యోగంలో ఉండగా ఆయన ఒక కాలువను పదకొండేళ్లు ఆపాడు. దాన్ని వద్దని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. వద్దన్నవాణ్ణి బదిలీ చేస్తారు. ఆయన పదిహేడు కొర్రీలు పెట్టాడు, అంతే. మంత్రులు మారారు, గుత్తేదార్లు మారారు, కాలువ మాత్రం కాగితం దాటి ఒక్క అడుగు ముందుకు రాలేదు. ఇంత పెద్ద కాలువ ఆగినప్పుడు ఇంత చిన్న తూటా ఆగదా?

లోపలికి వెళ్లి కూర్చుని పెన్సిల్ చెక్కాడు.

"నాలుగోది. దిల్‌సుఖ్‌నగర్ దోపిడీ పదీ నలభైకని రాశారు కదండీ? ఆ టైముకి ఈ అబ్బాయి ఎవరినో బండి మీద ఎక్కించుకుని ఎక్కడికో వెళ్తున్నాడేమో! అతని యాప్‌లో ట్రిప్పుల పట్టిక ఉంటుంది. అది జతపరచకుండా ఫైలు ఎలా కదులుతుందండీ?"

బక్కయ్య సొరుగులోంచి శేఖర్ ఫోన్ తీసి యాప్ తెరిచాడు. నిజమే. పదీ ముప్పై ఎనిమిదికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఒకావిడను ఎక్కించుకున్నాడు, పదీ యాభై రెండుకి సైదాబాద్‌లో దించాడు. ఆవిడ అయిదు చుక్కల రేటింగు కూడా ఇచ్చింది.

"చూశారా!" అన్నాడు సాంబమూర్తి. ఆయన గొంతులో పండగ వినిపించింది.

"చూసిన సార్" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ముఖం వెలిగిపోతుండగా. "దిల్‌సుఖ్‌నగర్‌ల ఉన్నడని వాని యాపే చెప్తున్నది. పసిగట్టు చెప్పింది సహీ అని దస్కత్ పడ్డట్టే. బక్కన్నా, దీన్ని ప్రింటు తీసి జత చెయ్యి."

సాంబమూర్తి నీళ్లు తాగాడు. ఈసారి తిరుగులేనిది పెట్టాలనుకున్నాడు.

"అయిదోది. రేపు పొద్దున అయిదూ యాభైకి ఈ మనిషి క్వారీ దగ్గర ఉంటాడని రాశారు. ఇతని ఫోనేమో మీ సొరుగులో ఉంది. రేపు కోర్టువారు టవరు లెక్క తెప్పిస్తే ఏం చెబుతారు? మనిషి ఒక చోట పరిగెత్తి, ఫోను ఒక చోట పడుకుంటుందా? దీనికి మాత్రం జవాబు లేదండీ."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఆలోచించాడు. సాంబమూర్తికి గుండె తేలికపడింది.

"ఫోన్ గూడ తోల్కపోతం" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గింత పెద్ద సంగతి మాకు తట్టనేలేదు సార్. ఛార్జింగ్ పెట్టు బక్కన్నా."

ఇక సాంబమూర్తి పట్టుదలకు పోయాడు. ఆరో కొర్రీ ఆయన ఉద్యోగ జీవితంలోనే గొప్పది. "సరే, అతని ఫోన్ వస్తుంది. మరి నా సంగతో? నేను కూడా అక్కడ ఉన్నానని రాశారు. నా ఫోన్ వనస్థలిపురంలో, మా మంచం పక్కన ఉంటుంది. మీ పసిగట్టు నన్ను కూడా పసిగడుతుంది కదండీ! సాక్షే అక్కడ లేడని మీ యంత్రమే చెబితే ఈ పంచనామా ఏమవుతుంది?"

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడి, రెండు చేతులూ చాచాడు.

"ఇయ్యండ్రి సార్ ఫోన్. రేపు పొద్దుగాల పదింటికల్ల మీ ఇంటికే పంపిస్త."

ఇవ్వనంటే ఆరో కొర్రీని తనే కాదన్నట్టవుతుంది. సాంబమూర్తి జేబులోంచి ఫోన్ తీసి ఇచ్చాడు. ఇస్తూ, ఆరు కొర్రీలూ పూర్తిగా తీరేదాకా చివరి పేజీలో తన సంతకం ఉండదని ఖండితంగా చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ అందుకు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. మెట్లు దిగుతూ సాంబమూర్తి బల్ల వైపు చూశాడు. శేఖర్ నవ్వి, అయిపోయిందా అన్నట్టు తలాడించాడు. ఆయన కూడా తలాడించాడు.

సాయంత్రం భార్య సీతామహాలక్ష్మికి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ కూర తరగడం ఆపేసింది.

"మనిషిని చంపుతామని చెబితే కొర్రీలు పెట్టొచ్చారా? ఎవరికైనా చెప్పాలి కదండీ. మన అరుణజ్యోతి హైకోర్టు లాయరే కదా, ఫోన్ చేయండి."

"నంబరు నా ఫోన్‌లో ఉంది."

"ఫోనేది?"

"సాక్ష్యానికి వెళ్లింది."

ఆవిడ దగ్గరున్నది బటన్ల ఫోన్. అందులో నాలుగే నంబర్లు: గ్యాసు, పాలు, కూతురు, సాంబమూర్తి. పోనీ ఆటోలో లాయరు ఇంటికే వెళ్దాం పదండి అంది. సాంబమూర్తి నవ్వాడు. పిచ్చిదానా, ఆరు కొర్రీలున్నాయి, నా సంతకం లేదు, ఫైలు పెండింగులో ఉంది అన్నాడు. పెండింగు అనే మాట ఆయనకు జీవితమంతా దుప్పటిలా హాయినిచ్చింది. ఆ రోజు కూడా ఇచ్చింది.

శుక్రవారం పదింటికి, చెప్పిన మాట ప్రకారం, గేటు చప్పుడైంది. బక్కయ్య పట్టు లాల్చీ వేసుకుని, సెంటు పూసుకుని, నల్లగొండ బస్సుకు వెళ్తూ దారిలో దిగాడు. ఒక చేతిలో పెళ్లి కానుక, ఒక చేతిలో సాంబమూర్తి ఫోన్.

"అన్నీ తీరినయి సార్" అన్నాడు. "పెన్సిల్ చెరిపి సిరాతోని దిద్దినం, మీరు చెప్పినట్టే. అయిదూ యాభైకి మంచి ఎలుగు ఉండె."

సాంబమూర్తి గేటు దగ్గరికి వచ్చాడు.

"ఆ అబ్బాయి..."

బక్కయ్య తల దించుకుని కానుక పొట్లం సర్దుకున్నాడు. "రాసినట్టే అయ్యింది సార్."

"నేను సంతకం పెట్టలేదయ్యా! నా సంతకం లేకుండా ఎలా చేస్తారు?"

"ఆరు చోట్ల మీ పొట్టి సంతకం ఉన్నది గద సార్. కింద తారీకు మీరు పెన్సిల్‌తోనే ఏసిన్రు, అది గూడ దిద్దినం. మా సారు ఏమన్నడంటె, పెద్ద సంతకం ఎవడైనా పెడతడు, ఆడ నిలవడి చూసినోడే గిన్ని సంగతులు రాస్తడు అన్నడు. మీ పెద్ద సంతకం అక్కర్లే." బస్సు టైమవుతోందని బక్కయ్య వెళ్లిపోయాడు.

సీతామహాలక్ష్మి లోపల ఏడుస్తోంది. సాంబమూర్తి ఫోన్ పట్టుకుని వసారాలో కూలబడ్డాడు. అప్పుడు ఫోన్ టింగుమంది. ఆయన షుగరు కోసం కూతురు పెట్టించిన నడక యాప్ అది. రోజూ ఎన్ని అడుగులు వేశాడో లెక్క చెబుతుంది. "మీ ఉదయపు నడక ముగిసింది" అంది. "అయిదున్నర నుంచి ఆరు గంటల వరకు: నలభై ఆరు అడుగులు. రేపు ఇంకాస్త ప్రయత్నించండి."

ఆ అంకె వైపు ఆయన చాలాసేపు చూశాడు. నొక్కితే వివరాలు వచ్చాయి. ఇరవై మూడు అడుగులు వెళ్లడానికి. తొమ్మిది నిమిషాలు కదలకుండా. ఇరవై మూడు అడుగులు తిరిగి రావడానికి. ఈ ఫోన్ ఎవరి జేబులో ఉందో గాని ఆ మనిషి జీపు దిగి నడిచాడు, నిలబడ్డాడు, నడిచి జీపెక్కాడు. పంచ్‌లతో సహా నాలుగు వందల గజాలు వెంటాడిన సంగతి ఈ ఫోనుకు తెలియదు. ఎవరూ పరిగెత్తలేదు. పరిగెత్తేవాడు ఉంటే కదా వెంటాడేది.

లేచి చెప్పులు వేసుకున్నాడు. వేలు అలవాటుగా బైక్ టాక్సీ యాప్ తెరవబోయి ఆగిపోయింది. ఆటో ఎక్కాడు.

విభాగం మెట్ల దగ్గర సందడిగా ఉంది. ఆ పొద్దున తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగో దోపిడీ జరిగిందట. బైకు అదే, హెల్మెట్లు అవే. పసిగట్టు ఈసారి గంటలోనే తేల్చేసిందని కింద టిఫిన్ సెంటర్ వాళ్లు గొప్పగా చెప్పుకుంటున్నారు. బల్ల మీద ఎవరో కుర్రాడు, పక్కన రెండు హెల్మెట్లు పెట్టుకుని, ఇడ్లీ తింటున్నాడు.

సాంబమూర్తి తిన్నగా లోపలికి వెళ్లి ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు. ముప్పై నాలుగేళ్లలో ఏ అధికారి ముందూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు కేక పెట్టాడు.

"నలభై ఆరు అడుగులండీ! ఇరవై మూడు పోవడానికి, ఇరవై మూడు రావడానికి. ఎవరూ పరిగెత్తలేదు. ఆ అబ్బాయి పారిపోలేదు. నిలబెట్టి చంపారు. ఇది మీ యంత్రం కాదు, నా ఫోన్ చెబుతోంది. దీనికి సమాధానం చెప్పండి!"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ అందుకుని అంకెలు చూశాడు, వివరాలు నొక్కి చూశాడు, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత సొరుగు లాగి శేఖర్ ఫైలు బయటకు తీసి, పాత కొర్రీలు ఆరు ఉన్న అంచులోనే, వాటి కింద ఏడు అని అంకె వేసి, కాగితాన్నీ పెన్సిల్‌నూ రెండు చేతులతో ఆయన వైపు జరిపాడు.

"నిజమే సార్, గిది మాకు తట్టనేలేదు" అన్నాడు. "వచ్చేసారి అందరం ఉరుకుతం."